కంప్యూటర్‌కి కుట్టిన చొక్కా

వినడంలో నన్ను మించినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఎవరైనా నా ఎదురుగా నిలబడి పాఠం చెబితే రెప్ప వాల్చను, ఆవలించను, గోడ మీద బల్లి వైపు కూడా కన్నెత్తి చూడను. మా ఊరి బడిలో ఒకసారి మాస్టారు పాఠం చెబుతూ చెబుతూ ఆయనే నిద్రపోయారు. క్లాసంతా గోలీలాడుకోవడానికి పారిపోయింది. నేను మాత్రం కదలకుండా కూర్చుని, ఆయన లేచాక ఏ మాట దగ్గర ఆగారో అందించాను. అలాంటివాణ్ని కాబట్టే, మా మరదలు తన గొంతు పోయేలోపల పాఠాలన్నీ కెమెరాతో తీసి దాచుకోవాలనుకున్నప్పుడు, ఎదురుగా కూర్చుని వినడానికి లోకంలో ఇంకెవర్నీ కాదని నన్నే ఏరి కోరి పిలిచింది.

మరదలంటే మా తమ్ముడి భార్య. తమ్ముడు దర్జీ. ఆవిడ టీచరు. కెమెరాతో బొమ్మ తీయడం, తీసినదాన్ని కంప్యూటర్లో కత్తిరించి అతికించడం నేర్పే బడి ఒకటుంది, అందులో పనిచేస్తుంది. వాడు గుడ్డ కత్తిరిస్తాడు, ఆవిడ బొమ్మ కత్తిరిస్తుంది. వాళ్లిద్దరికీ మాటలు తెగిన రోజున అతికించే పని నాది. నా భార్య పోయినప్పటి నుంచీ వాళ్లింట్లో ముందుగది నాదే.

ఆ బడిలో పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు ఆగండమ్మ. ఎందుకంటే ఆవిడ నోటివెంట వచ్చే మొదటి మాట అదే. కొత్తగా చేరినవాడు ఉత్సాహంగా లైటు మీద చెయ్యి వేయబోతే "ఆగండి!" నీళ్ల సీసాతో గుమ్మం దాటబోతే "ఆగండి!" వైరుని తోక పట్టుకుని లాగబోతే, ఇక ఆ కేక వీధి చివర సైకిలు తొక్కేవాడిక్కూడా వినిపించి, వాడు బ్రేకు వేసేవాడు.

ఆ గది అలాంటిది మరి. కిటికీలకు లోపలి నుంచి నల్లగుడ్డ కట్టి ఉంటుంది. పైన గాలి కోసం వదిలిన జాలీ తప్ప ఇంకెక్కడా కంత లేదు. సన్నటి ఇనప కాళ్ల మీద మనిషెత్తు లైట్లు, మధ్యలో కెమెరా స్టాండు, నేల నిండా వైర్లు. కాలు తగిలి ఒక స్టాండు ఒరిగిందంటే, వేడి లైటు వచ్చి నెత్తిన పడుతుంది. అందుకని ప్రతి స్టాండు కాలి మీదా ఇసక మూట ఉండాలి. ప్రతి వైరునీ నేలకి పట్టీతో అంటించాలి. ఒకే ప్లగ్గుకి నాలుగు తగిలించకూడదు. లైటు ఆర్పాక కూడా చల్లారేదాకా తోలు తొడుగు లేకుండా ముట్టుకోకూడదు. కెమెరా చేతికివ్వకముందు ఆవిడ చెప్పేది ఇదే, మొదట్లో ఇదొక్కటే. పిల్లలకి విసుగే. వాళ్లు సినిమా తీయడానికి వచ్చారు, ఇసక మోయడానికి కాదు.

"నా అరచెయ్యి చూడండి బావగారూ," అని ఎడమచెయ్యి చాపేది నా ముందు. తను నేర్చుకునే రోజుల్లో చల్లారని లైటుని పట్టుకుందట. అరచెయ్యంతా నున్నగా, మెరుస్తూ ఉంటుంది. "గీతలే లేవు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడికి నా దగ్గర బేరం లేదు."

ఇసక మూటలన్నీ తమ్ముడు కుట్టినవే. మందపాటి గుడారం గుడ్డ, రెండు వరసల కుట్టు. పెళ్లికూతురి జాకెట్టుకి కూడా అంత శ్రద్ధ పెట్టడని ఊళ్లో అమ్మలక్కలు గొణిగేవాళ్లు.

గొంతు మొదట బొంగురుపోయింది. అరిచి అరిచి అలా అయిందిలే అనుకున్నాం. మిరియాలు నమిలింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, నేను చెప్పిన చిట్కాలు కూడా రెండు మూడు చేసింది పాపం. ఆఖరికి గొంతు డాక్టరు లోపలికి అద్దం పెట్టి చూసి, తమ్ముడితో సహా కూర్చోబెట్టి చెప్పాడు. మాట పుట్టే చోటే గడ్డ ఉంది. ఆ చోటు మొత్తం తీసెయ్యాలి. మనిషి దక్కుతుంది. మాట దక్కదు.

ఇంటికొచ్చాక తమ్ముడు ఇస్త్రీపెట్టె పట్టుకుని ఒకే చొక్కాని మళ్లీ మళ్లీ తోముతూ నిలబడ్డాడు. ఆవిడే వెళ్లి స్విచ్చి తీసేసింది.

"చొక్కా కాలుతుందండీ. ఏడవడం తర్వాత చూసుకుందాం. ముందు పాఠాలు తీద్దాం."

ఆవిడకి పాఠాలు కావాలి. తమ్ముడికి కావలసింది వేరే. ఆ రాత్రే వాడు ఇంట్లో ఉన్న పాత వీడియోలన్నీ పెట్టుకుని వెతికాడు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, మా అమ్మ ఆఖరి రోజులు, నేను జారి బురదలో పడ్డ రోజు. అన్నీ ఆవిడ తీసినవే. అందరి గొంతులూ ఉన్నాయి. మా తమ్ముడి నవ్వుంది, నా కోతలున్నాయి, పక్కింటి కుక్క అరుపు కూడా ఉంది. ఆవిడ మాట ఒక్కటి లేదు. కెమెరా పట్టినవాళ్లు నోరు మూసుకోవాలన్నది ఆవిడ పనిలో పద్ధతి. ఇంట్లో కూడా ఆ పద్ధతి తప్పలేదు.

"పాఠాలు పిల్లలకి అన్నయ్యా," అన్నాడు తమ్ముడు, తెర వైపే చూస్తూ. "గొంతు నాకు. అంతే నాకు కావలసింది. ఎప్పుడన్నా కొట్లో కూర్చుని పెట్టుకుని వింటాను. తిట్టినా సరే."

అలా మొదలైంది. క్లాసులు అయిపోయి పిల్లలు వెళ్లాక, మేం ముగ్గురం ఆ గదిలో చేరేవాళ్లం. ఆవిడ కెమెరా ముందు నిలబడి చెప్పాలి. తమ్ముడు తోలు తొడుగులు వేసుకుని లైట్ల దగ్గర. నేను బెంచీ మీద, విద్యార్థిని. కెమెరా నుంచి వైరు నేరుగా కంప్యూటర్లోకి, బొమ్మా మాటా అందులోకే వెళ్లి కూర్చుంటాయి.

ఇక్కడ నా గొప్ప గురించి ఒక మాట. మూడో పాఠంలో, వైర్లు చుట్టే పద్ధతి చెబుతుండగా, ఆవిడ మధ్యలో ఆగిపోయింది. మైకులో ఏదో మోటారు మోగుతోందని కెమెరా చూసింది, లైట్లు చూసింది, ప్లగ్గులు చూసింది. ఆ మోటారు నేను. నోరు తెరుచుకుని గురక పెడుతున్నాను. నన్ను ఏరి కోరి పిలిచిందన్నది కూడా కొంచెం సవరించుకోవాలి. ఖాళీ బెంచీల ముందు మాట్లాడితే ఆవిడకి గొంతు లేవడం లేదు. ఆ వేళకి ఊళ్లో పనీపాటా లేనివాణ్ని నేనొక్కణ్నే.

"బావగారూ, మీరు వినకపోతే పోనీ, ఎడంపక్కకి తిరిగి పడుకోండి. శబ్దం తగ్గుతుంది," అంది.

నా తర్వాత ఆ గదిలో చప్పుడు చేసేది కంప్యూటర్. ముసలి పెట్టె. లోపలి ఫ్యాను ఎప్పుడూ గుర్రుమంటుంది. వైరు పొడుగు చాలక దాన్ని మైకు దగ్గరే పెట్టాల్సి వచ్చింది. తీసినదాన్ని వేసుకుని విన్నప్పుడు, ఆవిడ మాట కింద ఆ గుర్రు ఈగలా తిరుగుతూనే ఉంది. ఆవిడ పర్లేదంది. తమ్ముడికి మాత్రం అది సరిపోలేదు. వాడికి దక్కబోయేది ఆ గొంతొక్కటే, దాని మీద ఈగ వాలితే ఊరుకుంటాడా?

మర్నాడు టేపు తెచ్చి కంప్యూటర్‌కి కొలతలు తీశాడు.

"ఛాతీ బాగానే ఉంది. పొడుగు తక్కువ. కాలరు పెట్టనా టీచరమ్మా?"

"కాలరు సంగతి తర్వాత. వెనక మూయకండి. దానికి ముక్కు వెనక ఉంటుంది."

"ముక్కు వెనక ఉన్నవాళ్లకి కుట్టడం ఇదే మొదలు."

లోపల దూది పెట్టి, పైన గళ్ల గుడ్డ వేసి, మెత్తటి చొక్కా ఒకటి కుట్టుకొచ్చాడు. వెనక వైపు పెద్ద కిటికీ వదిలాడు. దాని మీద ఒక రెక్క. కంప్యూటర్ పనిచేస్తుంటే రెక్కని పైకి చుట్టి కట్టాలి, వేడి బయటికి పోతుంది. ఆపేశాక రెక్క దించి తాళ్లు ముడెయ్యాలి, దుమ్ము పడదు. మరదలు వెనక చెయ్యి పెట్టి గాలి చూసింది, కొంతసేపు నడిపి వేడి చూసింది, అప్పుడు ఒప్పుకుంది. పనితనం ఎలాంటిదంటే, అది తొడిగాక ఆ ముసలి పెట్టె నడుస్తోందో లేదో చెవి ఆనించినా తెలిసేది కాదు. తమ్ముడి ముఖం చూడాలి అప్పుడు. మొదటిసారి మైకులో ఆవిడ గొంతొక్కటే వినిపించింది. కొంచెం అరిగిపోయి, కొంచెం చీలి, కానీ ఆవిడదే.

ప్రతి సాయంత్రం గది మూసేది తమ్ముడే. లైట్లు చల్లారాయో లేదో చూసుకుని, వాటి ప్లగ్గులు తీసి, చివరికి ఆ రెక్క దించి, తాళ్లు ముడేసి, పసిపిల్లకి దుప్పటి సర్దినట్టు చొక్కా అంచులు సర్ది తాళం వేసేవాడు.

ఆఖరి పాఠం నాటికి ఆవిడ గొంతు దాదాపు అయిపోయింది. ఒక్కో మాటా లోపలి నుంచి తోడుకుని తెచ్చుకుంటోంది. మూడుసార్లు ఆగింది, నీళ్లు తాగడానికి గుమ్మం బయటికి వెళ్లింది. అప్పుడు కూడా సీసా లోపలికి తేలేదు. ఆఖరి వాక్యం చెప్పి, కెమెరా వైపు చూసి, "అయింది" అంది. ఇక వచ్చింది గాలే. మాట రాలేదు. ఉన్నదంతా ఆ పెట్టెలోకి పోసేసినట్టయింది.

పాఠాలన్నీ ఇంకో డిస్కులోకి కూడా ఎక్కాలని, దాన్ని కంప్యూటర్‌కి తగిలించి కాపీ మొదలుపెట్టింది. చాలాసేపు పట్టే పని. తమ్ముడు అటు తిరిగి లైట్లు ఆర్పుతున్నాడు, చూడలేదు. తెర ఆర్పేసింది, గది వదిలేటప్పుడు తెర వెలుగుతూ ఉండకూడదన్నది కూడా ఆవిడ పద్ధతే. ఇంతలో బయట పిల్లలు గుమిగూడారని, చూసి పోతామంటున్నారని కబురొచ్చింది. ఆవిడ వెళ్లింది. వెనకే నేను.

తమ్ముడు రోజూ చేసేదే చేశాడు. తెర చీకటిగా ఉంది. పెట్టె చప్పుడు చేయడం లేదు, అసలు చేయకూడదనే కదా అంత శ్రమపడి కుట్టాడు. రెక్క దించాడు. తాళ్లు ముడేశాడు. అంచులు సర్దాడు. తాళం వేశాడు.

మర్నాడు ఆస్పత్రిలో చేరాలి. తమ్ముడు మంచం సంగతి చూడ్డానికి ముందే వెళ్లాడు. డిస్కు తీసుకుని ఇంట్లో పెట్టి వెళ్దామని ఆవిడ నన్ను తోడు తీసుకుని బడికొచ్చింది. తలుపు తీయగానే వాసన. ఉడికిన రబ్బరు, కాలిన దూది కలిసిన వాసన. మంట లేవలేదు, అదొక్కటే అదృష్టం. ఆవిడ పరిగెత్తలేదు. ముందు గోడ దగ్గరకెళ్లి కరెంటు ఆపింది. తర్వాత కంప్యూటర్ దగ్గరకొచ్చి, చొక్కా మీద గీతల్లేని ఆ అరచెయ్యి పెట్టింది. ఇంకా వెచ్చగా ఉందట. వెనక్కి వెళ్లి రెక్క చూసింది. ముడి చూసింది. తమ్ముడి ముడి ఎవరైనా గుర్తుపడతారు, రెండు చెవులు సమానంగా, కొలిచి వేసినట్టు ఉంటుంది.

బెంచీ మీద కూర్చుంది. నా చోట్లో. లేచి, ఆ ముడి విప్పింది. చొక్కా తీసి, మడిచి, మడిచి, చిన్నది చేసి తన సంచీ అడుక్కి తోసింది. అప్పుడు నా చెవి దగ్గరకొచ్చి, ఉన్న గాలితోనే గుసగుసగా అంది.

"బావగారూ, రాత్రి కరెంటు ఎక్కువొచ్చింది."

"ఎప్పుడొచ్చిందమ్మాయ్? ఇంట్లో దీపం కూడా మిణుకుమనలేదే?"

"వచ్చింది. ఎక్కువొచ్చింది. మీరూ అదే చెప్పాలి."

"అది కాదమ్మాయ్, వాడు…"

"ఆయనకి తెలిస్తే ఇక కత్తెర పట్టరు."

మనసులో మాట నిలవనివాణ్ని నేను. ఉన్న మాటకి ఊరంత కలిపి చెప్పేవాణ్నే గాని, ఒక్కటి తీసి దాచినవాణ్ని కాదు. ఆ రోజు దాచాను.

బాగుచేసే మనిషిని పిలిచాం. అతను పెట్టె విప్పి, లోపల కరెంటు పంచే డబ్బా బయటికి తీశాడు. బొగ్గు. అది పోతూ పోతూ రెండు డిస్కుల్నీ తీసుకుపోయిందన్నాడు. ఒక దాన్నుంచి ఇంకోదానికి ఎక్కుతున్నాయి కదా, రెండూ దానికే తగులుకుని ఉన్నాయి. "పాపం, దీనికి ఊపిరాడలేదండీ, పైన ఏమన్నా…" అని తల ఎత్తాడు. మరదలు చూసిన చూపుకి మిగతా మాట మింగేశాడు. ఇంకో పెద్ద షాపుకి పంపి చూశాం తర్వాత. వాళ్లూ చేతులెత్తేశారు.

ఆస్పత్రిలో సంగతి చెప్పింది నేనే. "కరెంటు ఎక్కువొచ్చిందిరా," అన్నాను. తమ్ముడు మంచం పక్క స్టూలు మీంచి లేచాడు.

"కరెంటాఫీసు ఎక్కడుంది? ఎవడున్నాడక్కడ? పదన్నయ్యా, ఇవాళ ఒకడి చొక్కా చింపుతాను, నేనే కుట్టినదైనా సరే."

ఆవిడ వాడి చెయ్యి పట్టుకుంది. వదల్లేదు. వాడు కూర్చుని, ఇన్నాళ్లూ ఆ పెట్టె ఉందిలే అని వాడని ఫోనుని జేబులోంచి తీసి ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. "ఏదో ఒకటి అను. ఒక్కటి." ఆవిడ పెదాలు కదిపింది. ఆ ఫోనులో ఉన్నది నేను విన్నాను. గాలి. తలుపు సందులోంచి వచ్చేలాంటి గాలి. వాడు దాన్ని ఇప్పటికీ చెరపలేదు.

మనిషి దక్కింది. డాక్టరు చెప్పినట్టే మాట దక్కలేదు. ఇంట్లో పలక వచ్చింది. ఆవిడ రాస్తుంది, మేం చదువుతాం, తడిగుడ్డతో తుడుస్తుంది. తిట్లు కూడా రాసే తిడుతుంది గాని, రాసేలోపు కోపం సగం దిగిపోతుంది. దానివల్ల ఎక్కువ లాభపడింది నేనే.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు. గుడ్డముక్క పారేయని మనిషి మా తమ్ముడు. గోరంత పీలికనీ దాస్తాడు. ఆ గళ్ల చొక్కా ఏమైందని వాడు ఒక్కనాడూ అడగలేదు.

బలం పుంజుకున్నాక ఆవిడ మళ్లీ బడికి వెళ్తానంది. బడి పెద్దాయన సందేహించాడు. మాట లేకుండా పాఠం ఎలా? తమ్ముడు ముందుకొచ్చాడు.

"ఆవిడ బోర్డు మీద రాస్తుంది. నేను గట్టిగా చదువుతాను. దర్జీ కొట్టు ఉదయంపూట మూసినా కొంపలంటుకోవు."

అలా మా తమ్ముడు టైలర్ సార్ అయ్యాడు. కొత్త పిల్లలు వచ్చారు. ఆవిడ బోర్డు మీద సుద్దముక్కతో రాస్తే, వాడు వెనక బెంచీ నుంచి లేచి, బిగ్గరగా చదువుతాడు. గొంతు సన్నం, పైగా ఊగుతుంది. "ఆగండి!" అని వాడరిస్తే పిల్లలు ఆగరు, పకపకా నవ్వుతారు. ఆవిడా నవ్వుతుంది, భుజాలు కదులుతాయి, చప్పుడుండదు. ఇసక మూటల పాఠం అయింది, వైర్ల పాఠం అయింది, లైట్లు అయ్యాయి. నేనూ వెళ్లి కూర్చునేవాణ్ని, ఎడంపక్కకి తిరిగి.

కంప్యూటర్ పాఠం రేపనగా, తమ్ముడు కొట్లో ఉన్న వేళ చూసి, ఆవిడ పలక పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

"రేపు గుడ్డ సంగతి చెప్పాలి," అని రాసి ఉంది.

"చెప్పకు," అన్నాను.

తుడిచి రాసింది. "చెప్పకపోతే కాల్చుకుంటారు."

"మిగతావన్నీ చెబుతున్నావు కదమ్మాయ్. ఆ ఒక్కటీ వదిలేస్తే ఏం మునిగిపోతుంది? ఎవడు కప్పుతాడు కంప్యూటర్‌కి చొక్కా?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ పలక పక్కన పెట్టింది. అరచెయ్యి చాపి నా ముఖం ముందు పెట్టింది. వేడి లైటు గురించి అప్పట్లో తనకి ఎవరో ఒకరు ఒక్క మాట చెప్పి ఉంటే చెయ్యి అలా అయ్యేది కాదని, ఎన్నోసార్లు అన్న మాటే. వదిలేయడం ఆవిడ వల్ల కాదు. కాని బోర్డు మీద ఆవిడ రాస్తే, లేచి చదవాల్సింది వాడు.

పలక మీద మళ్లీ సుద్ద గీరింది. "ఆ వేళకి టీకి తీసుకెళ్లండి. మీ కోతలు ఇంకెందుకు పనికొస్తాయి?"

మర్నాడు కంప్యూటర్ పాఠం సగంలో ఉంది. పెట్టె వెనక భాగం గోడకి ఆనించకూడదని ఆవిడ రాసింది, వాడు చదివాడు. నీళ్లు, టీలు దగ్గర పెట్టకూడదని రాసింది, చదివాడు. అప్పుడు సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకుంది. అది నాకు సైగ.

"తమ్ముడూ, పద, టీ తాగొద్దాం."

"ఇప్పుడా? పాఠం నడుస్తోంటే?"

"నా గొంతు ఎండిపోయింది."

"మాట్లాడేది నేను, గొంతెండేది నీకా?"

"వినీ వినీ ఎండిపోయిందిరా. అయినా ఆ పిల్లలకి కళ్లు లేవా? వాళ్లే చదువుకుంటారు."

వాడు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. వచ్చాడు.

టీ బండి బడి గేటుకి ఎదురుగానే ఉంటుంది. దూరంగా ఇంకో బండి ఉంది, అక్కడికి లాగుదామని చూశాను గాని, వాడు ఇక్కడే చాలన్నాడు. గ్లాసులు చేతికొచ్చాయి. నేను వెంటనే మొదలుపెట్టాను, మా ఊరి బడికి ఫొటో తీసేవాడొచ్చిన కథ. నల్లముసుగు వేసుకుని, పెట్టెలో తల దూర్చి, 'నేను చెప్పేదాకా కదలకండి' అన్నాడు. అని, లోపల వెచ్చగా ఉండేసరికి వాడు నిద్రపోయాడు. మేం కదల్లేదు. సాయంత్రమైంది. మాస్టారి తల మీద పిచ్చుక గూడు కట్టింది.

"గుడ్లు పెట్టిందా?" అన్నాడు తమ్ముడు, అలవాటుగా.

"తొందరెందుకు, వస్తున్నా. వాన పడింది. ముందు వరసలో కూర్చున్నవాళ్లకి మొలకలొచ్చాయి…"

అప్పుడు వినిపించింది. చదవడానికి టైలర్ సార్ లేకపోయేసరికి, పిల్లలంతా కలిసి ఒక్క గొంతుతో చదవడం మొదలుపెట్టారు. కిటికీలకి నల్లగుడ్డ ఉంది గాని, పైన జాలీ ఉంది. ఎక్కాలు చదివినట్టు రాగం తీస్తూ, రోడ్డు దాటి వచ్చింది ఆ మాట.

"నడుస్తున్న కంప్యూటర్ మీద గుడ్డ కప్పకూడదు. దానికి ఊపిరాడదు. లోపల ఉన్నదంతా కాలిపోతుంది."

నేను గొంతు పెంచాను. పిచ్చుక గుడ్లు పెట్టిందన్నాను, పిల్లలయ్యాయన్నాను, ఆ పిల్లలకి మాస్టారే ఎగరడం నేర్పారన్నాను. పిల్లలు రెండోసారి చదివారు. ఆవిడ ఏ మాటైనా రెండుసార్లు చదివిస్తుంది. "దానికి ఊపిరాడదు. లోపల ఉన్నదంతా కాలిపోతుంది." టీ బండివాడు కూడా అటు తిరిగి చూశాడు. నా కథలో మాస్టారు కూడా ఎగిరిపోయారు. ఇక ఎగరడానికి ఎవరూ మిగల్లేదు.

తమ్ముడి చేతిలో గ్లాసు పెదాల దగ్గర ఆగి ఉంది. దించాడు. 

"నాకు తెలుసన్నయ్యా," అన్నాడు. "ఆ ముడి నాదే. ఆవిడకి చెప్పకు, నాకు తెలుసని."

ఇంతవరకూ రాసిన దాంట్లో పెద్ద కోతలు మీరే పట్టేసుంటారు. వాటిని నేను వేరే చెప్పక్కర్లేదు. కాని మీరు పట్టలేనిది ఒకటుంది, అది నేను కల్పించాను. తమ్ముడు ఆ మాట అనలేదు. ఎవరో ఒకరు ఆ మాట అనేస్తే నా గుండె బరువు దిగుతుందని, వాడి నోట్లో నేను పెట్టాను. జరిగింది ఇదీ. వాడు గ్లాసు దించాడు, చల్లారిన టీ పారబోశాడు, బండివాడికి ఇంకో రెండు చెప్పాడు. బెంచీ మీద నా పక్కకి జరిగి, బడి వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"మొదటి నుంచీ చెప్పన్నయ్యా," అన్నాడు. "ఆ ఫొటోవాడు వచ్చిన దగ్గర్నుంచి. మెల్లగా చెప్పు."

చెప్పాను.